ఒక్క క్షణం కూడా వెనకాడని తమ్ముడు

మమత తమ్ముడు నవీన్ తనంతట తానే తిరిగి వచ్చాడని మా వార్డులో అందరూ అనుకుంటారు. డాక్టర్లు అలాగే అనుకున్నారు, ఇన్‌ఛార్జ్ విమల సిస్టర్ అలాగే అనుకుంది, మమత ఇప్పటికీ అలాగే అనుకుంటుంది. అది నిజం కాదు. నేను వెళ్ళి తీసుకొచ్చాను. డ్యూటీ దిగాక, ఎవరినీ అడగకుండా, లాలాపేటలో వాళ్ళు అద్దెకున్న గదికి వెళ్ళి, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి గొంతెత్తి అరిచి తీసుకొచ్చాను. పేషెంట్‌కు ఎముకల్లోని మూలుగ ఇచ్చే మనిషి ఇంటికి నర్సు వెళ్ళడం మా దగ్గర ఒప్పుకోరు. తెలిస్తే కొత్త ఉద్యోగం అప్పుడే పోయేది. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, కోపం వచ్చి.

పోయిన నెల సెలవు రోజున పొద్దున్నే యూనివర్సిటీలోకి నడకకు వెళ్ళాను. తార్నాకలో ఉండేవాళ్ళకు ఆ క్యాంపస్ పెరడు లాంటిది. లైబ్రరీకి వెళ్ళే దారిలో రెండు చెట్ల మధ్య ఫ్లెక్సీ కట్టి ఉంది. మూలుగ దానం చేయదలచినవాళ్ళు పేర్లు ఇవ్వాలని, సాయంత్రం సభ ఉందని. మధ్యలో నవీన్ ఫోటో, కోటు వేసుకుని, చేతులు కట్టుకుని. దాని కింద పెద్ద అక్షరాలతో, "అక్క కోసం ఒక్క క్షణం కూడా వెనకాడలేదు" అని. అక్కడే నిలబడిపోయాను. నా పక్కనుంచి పరుగెత్తేవాళ్ళు పరుగెత్తుతున్నారు, కుక్కలను తిప్పేవాళ్ళు తిప్పుతున్నారు. నాకు మాత్రం చెవులు వేడెక్కాయి. సాయంత్రం ఆ సభకు వెళ్ళి వెనక వరసలో కూర్చున్నాను. నవీన్ బాగానే మాట్లాడాడు, నాలుగు జోకులు కూడా వేశాడు. చివర్లో, అసలు ఏ నొప్పీ ఉండదు, చీమ కుట్టినట్టు కూడా ఉండదు అన్నాడు. మొదటి వరసలో మమత చప్పట్లు కొట్టింది. దిగిపోతుంటే అతని చూపు నా మీద పడింది, ఒక్క రవ్వ ఆగి, పక్కకు తప్పుకుంది. నొప్పి ఉండదన్న ఆ మాట నన్ను అప్పటినుంచి వదలడం లేదు. తన గొప్ప తను చెప్పుకుంటే చెప్పుకోనీ. నొప్పి ఉండదని చెప్పడానికి అతనికి నోరెలా వచ్చింది? ఆ నొప్పి గురించి ఎవరూ సరిగా చెప్పకపోవడం వల్లనే కదా వాళ్ళ అక్క చావు అంచుదాకా వెళ్ళింది.

నేను వార్డులో చేరిన కొత్తలో నాకు మొదట నేర్పింది తలుపుల సంగతి. రెండు తలుపులు ఉంటాయి, ఒకటి పూర్తిగా మూసుకుంటే గానీ రెండోది తెరుచుకోదు. మధ్యలో ఉన్న చిన్న గదిలో చెప్పులు, గడియారం, గాజులు అన్నీ వదిలేసి మోచేతుల దాకా కడుక్కోవాలి. లోపల ఏ వాసనా ఉండదు. ఆసుపత్రి అంటే ఫినాయిల్ వాసన అని అలవాటుపడ్డ నాకు ఆ వాసన లేకపోవడమే భయం వేసింది. వడగట్టిన గాలి ఎప్పుడూ లోపలినుంచి బయటికి తోస్తూ ఉంటుంది. పూలు రాకూడదు, పండ్లు రాకూడదు, పుస్తకాలు రాకూడదు, చుట్టాలు అసలే రాకూడదు. విమల సిస్టర్ వరంగల్ ఆమె. కడిగీ కడిగీ ఆమె వేళ్ళు నానిన బాదం పప్పుల్లా ముడతలు పడి ఉండేవి. చేరిన రోజే నన్ను ఎగాదిగా చూసి, నువ్వు మాట్లాడవు గద, మంచిదే, ఈ వార్డుల మాట్లాడేటోళ్ళు డాక్టర్లు, మనం చేసేటోళ్ళం, ఎవరేం అడిగినా డాక్టర్ సార్‌ను అడుగుమను అంది. అప్పుడు నాకది మెప్పులా వినబడింది. చిన్నప్పటినుంచి ఎందుకు మాట్లాడవు, నోట్లో ఏముంది అని అందరూ దెప్పిపొడిచేవాళ్ళే. మాట్లాడకపోవడం పనికొచ్చే చోటు ఒకటి దొరికిందని సంబరపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది.

ఇంటికొస్తే అక్కడ ఇంకో తలుపు. మా అమ్మానాన్నలు గుంటూరు వైపునుంచి నాన్న ఉద్యోగం మీద వచ్చి తార్నాకలోనే ఉండిపోయారు. నేను డ్యూటీనుంచి వచ్చే వేళకు అమ్మ బాత్‌రూమ్‌లో బకెట్ నిండా వేడినీళ్ళు పెట్టి, అందులో రెండు మూతల డెట్టాల్ పోసి ఉంచేది. తలస్నానం చేస్తే గానీ వంటింటి గడప తొక్కనిచ్చేది కాదు. వార్డులోకి వెళ్ళాలంటే బయటి మురికి కడుక్కోవాలి, ఇంట్లోకి రావాలంటే వార్డు మురికి కడుక్కోవాలి. నా చేతులు శుభ్రంగా ఉన్నాయని నమ్మేవాళ్ళు రెండువైపులా ఎవరూ లేరు. ఎదురింటి ఆంటీ అడిగితే అమ్మ, "హాస్పిటల్లో చేస్తోందండీ" అని అక్కడితో ఆపేది. డాక్టరా అని ఆమె మళ్ళీ అడిగితే అమ్మకు సరిగ్గా అప్పుడే పోపు మాడిపోతున్నట్టు గుర్తొచ్చేది. నేను లోపల గదిలో తల తుడుచుకుంటూ అది విని డైరీ తీసేదాన్ని. ఆ డైరీల్లో చాలావరకు ఇలా మింగేసిన మాటలే. నాకు ఎమ్మే చదవాలని ఉండేది. అది కుదరలేదు గనక, సెలవు రోజుల్లో క్యాంపస్‌కి వెళ్ళి లైబ్రరీ మెట్ల మీద ఏదో ఒక పుస్తకం తెరిచి, అక్కడి విద్యార్థిలాగే కూర్చునేదాన్ని. అది కూడా ఎవరికీ తెలియదనుకున్నాను.

మమతకు తెలుసు. ఆమె అక్కడే బాటనీలో పరిశోధన చేస్తుండేది, హాస్టల్లో ఉండేది. రక్త క్యాన్సర్‌తో మా వార్డుకు వచ్చింది. మాస్కు పైన కళ్ళు మాత్రమే కనబడే నన్ను రెండో రోజే గుర్తుపట్టింది. "సిస్టర్, నువ్వు లైబ్రరీ మెట్ల మీద కూసుంటవు గద? నేను నిన్ను ఫిలాసఫీ అనుకున్న. అంత ఏడుపు మొఖం ఇంకే డిపార్ట్‌మెంట్ల ఉండదు." నాకు సిగ్గుతో చెమటలు పట్టాయి, కానీ మాస్కు లోపల నవ్వాను. ఆ తర్వాత నేను క్యాంపస్‌కి వెళ్ళి వచ్చిన ప్రతిసారీ ఏమేం పూశాయని అడిగేది. రేల పూసిందా, ఇంకా మొగ్గల మీదనే ఉందా, హాస్టల్ వెనక తంగేడు కొట్టేశారా. నాకు చెట్ల పేర్లు తెలియవు. ఆకు ఎట్లుందో చెప్పు, పేరు నేను చెప్తా అనేది. పడుకునే, పైన కప్పును చూస్తూ, ఆకులను బట్టి చెట్లను చెప్పేది.

వాళ్ళది ఆలేరు దగ్గర ఊరు. తండ్రి లేడు. తల్లి, పెద్దనాన్న, తమ్ముడు కలిసి లాలాపేటలో రేషన్ షాపు వెనక ఒక గది తీసుకుని ఉండేవాళ్ళు. మా వార్డులో పేషెంట్‌కు అన్నం ఇంటినుంచే రావచ్చు గానీ, దానికో పద్ధతి ఉంది. ప్రెషర్ కుక్కర్లో వండాలి, దించాక మూత తీయకూడదు, కుక్కర్ కుక్కర్‌గా తేవాలి. మేము లోపల తీసి వడ్డిస్తాం. బయటి గాలి అన్నానికి తగలకూడదని. మమత వాళ్ళమ్మ పొద్దునా సాయంత్రం కుక్కర్‌ను తువాలులో చుట్టుకుని, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు రొమ్ముకు ఆనించుకుని బస్సెక్కి వచ్చేది. ఆ వేడికి ఆమె జాకెట్టు మీద ఎప్పుడూ చెమట గుండ్రంగా పట్టి ఉండేది. కుక్కర్ ఇచ్చి, అద్దం అవతల నిలబడి, కూతురు తింటున్నంతసేపూ తన నోరు కూడా కదిలించేది. అంత ప్రేమ ఉన్న మనిషి. ఇది చెప్పకుండా తర్వాతిది చెబితే అన్యాయమవుతుంది.

మూలుగ మార్పిడి అంటే, ముందు పేషెంట్ మూలుగను మందులతో పూర్తిగా తుడిచేస్తారు. తర్వాత సరిపోయిన మనిషి దగ్గర తీసుకున్నది ఎక్కిస్తారు. ఈ రెంటికీ మధ్య పేషెంట్ లోపల రక్తం తయారయ్యే చోటు ఉండదు. తుడిచాక కొత్తది రాకపోతే ఆ మనిషి బతకదు. మమతకు నవీన్‌ది అచ్చంగా సరిపోయింది. తల్లికి గుండెజబ్బు గనక ఆమెను డాక్టర్లు మొదటే వద్దన్నారు. ఉన్నది నవీన్ ఒక్కడే. డాక్టర్ గారు అతనికి సంగతి వివరించినప్పుడు నేను పక్కనే ట్రే పట్టుకుని నిలబడ్డాను. మంచి డాక్టరే, చెడ్డవాడు కాదు, కానీ ఆయనకు టైము లేదు. కొన్ని రోజులు ఇంజెక్షన్లు ఇస్తాం, తర్వాత సెల్స్ కలెక్ట్ చేస్తాం, కొంచెం బోన్ పెయిన్ ఉండొచ్చు, నథింగ్ టు వర్రీ అన్నాడు. నవీన్ బీటెక్ చదివాడు గనక అన్నీ తెలుసని ఆయన అనుకున్నాడు. నవీన్ తల ఊపాడు. తల్లి కొడుకును చూసి తనూ తల ఊపింది. ఎక్కడినుంచి తీస్తారని వాళ్ళు అడగలేదు, చేతినుంచి అని ఆయన చెప్పలేదు. నాకు తెలుసు. నేను మాట్లాడేదాన్ని కాదు, చేసేదాన్ని.

మమతకు మందులు మొదలయ్యాయి. నవీన్‌కు ఇంజెక్షన్లు మొదలయ్యాయి. రెండోదానికే అతనికి నడుము, తుంట్లు గుంజడం మొదలైంది. అది ఆ మందుకు మామూలే. ఎముకలు లోపల ఎక్కువ పని చేస్తున్నాయన్న మాట. మూడో రోజు పొద్దున అతను రాలేదు. వాళ్ళ ఫోన్లు అన్నీ స్విచాఫ్ చేసి ఉన్నాయి. తల్లి మాత్రం ఎప్పటిలాగే కుక్కర్‌తో వచ్చింది. వానికి జరమొచ్చింది, రేపొస్తడు అంది. మర్నాడూ అదే మాట. డాక్టర్ గదిలో మొదట విసుగు, తర్వాత అరుపులు. పెద్దవాళ్ళంతా ఒకళ్ళనొకళ్ళు తప్పుపడుతున్నారు. లోపల మమత జుట్టు దిండు మీద కుచ్చులు కుచ్చులుగా రాలుతోంది, నోరంతా పుళ్ళు, అయినా తల్లి తెచ్చిన అన్నం కనుక రెండు ముద్దలు మింగింది. మింగి, నవీన్‌కు జరం తగ్గిందా అని నన్ను అడిగింది. తగ్గుతుంది అన్నాను. అద్దం అవతల తల్లి నోరు కదుపుతోంది. ఆ నోటిని చూసి నాకు మొదటిసారి అనుమానం వచ్చింది. ఆమెకు తెలుసు అనిపించింది. కొడుకు ఎక్కడున్నాడో, ఎందుకు రావడం లేదో తెలిసే నిలబడింది.

ఆ సాయంత్రం నేను తార్నాకలో దిగి ఇంటివైపు తిరగలేదు. లాలాపేట దాకా నడిచాను. రేషన్ షాపు వెనక ఆ గది దొరకడం కష్టం కాలేదు. దారి పొడుగునా ఏం మాట్లాడాలో మనసులో వల్లె వేసుకున్నాను, కొడుకును ఊరికి పంపేసి ఉంటారనుకున్నాను. తలుపు తీసే ఉంది. నవీన్ అక్కడే చాప మీద వేడినీళ్ళ సంచి నడుం కింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. పెద్దనాన్న కుర్చీలో కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. తల్లి బయట పంపు దగ్గర కుక్కర్ తోముతోంది. నన్ను చూసి ఆ పెద్దాయన బీడీ పారేసి లేచాడు. దవాఖాన్లకెల్లి వచ్చినవా బిడ్డా, కూసో, చాయ్ తాగు అని కుర్చీ ఖాళీ చేశాడు. ఆ మర్యాదకు నేను వల్లె వేసుకున్నదంతా మర్చిపోయాను.

వాళ్ళు చెప్పింది ఇది. మమత తండ్రి ట్రాక్టరు మీంచి పడితే వెన్నుకు ఆపరేషన్ చేశారు. నడిచి ఆసుపత్రికి వెళ్ళినవాడు మళ్ళీ నడవలేదు. మంచంలోనే పోయాడు. ఇప్పుడు మూలుగ అన్నారు. మూలుగ ఉండేది వెన్నులో. ఇంకా తీయనే లేదు, రెండు సూదులకే పిల్లగాని నడుం పడిపోయింది. ఇక సూది వెన్నులో పొడిస్తే ఏమైతది. పెద్దనాన్న ఇదంతా తల వంచుకుని చెప్పాడు. పంపిద్దామనే తనన్నానని, మరదలు ఒప్పుకోలేదని కూడా చెప్పాడు. నేను అంతవరకు అతన్ని ఆపింది ఆయనే అనుకున్నాను. తల్లి కుక్కర్ పట్టుకుని గుమ్మంలో నిలబడింది. చేతులకు ఇంకా సబ్బు నురగ ఉంది.

"అది ఎట్లైనా దక్కుతదో లేదో అంటున్రు. ఇద్దర్ని పోగొట్టుకోమంటవా?" అంది.

వెన్నులో ఎవరూ పొడవరని, ఆ ఇంజెక్షన్లు మూలుగ కణాలను రక్తంలోకి తెస్తాయని, రక్తం ఇచ్చినట్టు చేతినుంచే తీస్తారని, కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకోవచ్చని, నడుము గుంజడం నాలుగు రోజుల్లో పోతుందని చెప్పాను. నవీన్ మోచేతి మీద లేచాడు. "వెన్నుల పొడవరా సిస్టర్? మరి నాకెవరు చెప్పలేదు" అన్నాడు. తల్లి మాత్రం నమ్మలేదు. మీరు గట్లనే చెప్తరు, వాళ్ళ నాయనకు కూడా గట్లనే చెప్పిన్రు అంది. అప్పుడు నాలో ఏదో తెగిపోయింది. ఆమె ఒక్కతె మీదే కాదు, నథింగ్ టు వర్రీ అన్న డాక్టర్ మీద, ట్రే పట్టుకుని నిలబడమన్న విమల సిస్టర్ మీద, డెట్టాల్ బకెట్ మీద, అన్నిటి మీదా ఉన్న కోపం ఒక్కసారి ఆ గదిలో పడింది. పక్క గదులవాళ్ళు తొంగిచూసేంత గట్టిగా అరిచాను.

"దానికి లోపల ఇప్పుడు ఏమీ లేదమ్మా. అంతా తుడిచేశారు. ఇతను రాకపోతే అది చచ్చిపోతుంది. దక్కుతుందో లేదో కాదు, చచ్చిపోతుంది. అది తెలిసి కొడుకును ఇక్కడ పడుకోబెట్టి, రోజూ కుక్కర్ మోసుకొస్తున్నారు. ఆ అన్నం ఎవరికి పెడుతున్నారు?"

ఆమె చేతిలో కుక్కర్‌నుంచి నీళ్ళు కారి గుమ్మంలో మడుగు కట్టాయి. నవీన్ నడుం పట్టుకుని లేచి, చొక్కా తొడుక్కున్నాడు. తల్లి గుమ్మంలోంచి కదల్లేదు. పెద్దనాన్న ఆమె చేతిలోంచి కుక్కర్ తీసుకుని పక్కన పెట్టి, "వాడే లేచిండు, పోనియ్యి" అన్నాడు. ఆమె అక్కడే ఆ తడిలోనే కూర్చుంది. నేనూ నవీనూ ఆమెను దాటుకుని వచ్చాం. ఆటోలో అతను ఒక్కటే అడిగాడు, అక్కకు చెప్తవా అని. చెప్పనన్నాను. ఆసుపత్రి గేటు రాకముందే నేను దిగిపోయాను. అతను ఒక్కడే లోపలికి వెళ్ళాడు.

తర్వాతదంతా సాఫీగానే జరిగింది. ఇంజెక్షన్లు మళ్ళీ మొదలుపెట్టి, ఎక్కించే రోజును కొంచెం వాయిదా వేశారు. నవీన్ కుర్చీలో కూర్చుని క్రికెట్ చూస్తూ ఇచ్చేశాడు. చిక్కటి టమాటా చారులా ఉన్న చిన్న సంచి ఒకటి మమత మంచం పక్కన వేలాడింది. ఇంతేనా అంది మమత. ఆ తర్వాత, "వాడు చిన్నప్పట్నుంచి సూదంటే దాక్కుంటడు. అయినా వచ్చిండు చూడు" అని గర్వంగా చెప్పింది. ఆ ముఖం చూశాక నేను ఇక ఎప్పటికీ చెప్పలేనని అర్థమైంది. జ్వరాలు వచ్చాయి, తగ్గాయి, మళ్ళీ వచ్చాయి. ఒకరోజు రక్తంలో కొత్త కణాలు కనబడ్డాయి. వార్డంతా పండగ చేసుకుంది. తమ్ముడంటే అట్లుండాలె అని విమల సిస్టర్ అందరికీ చెప్పింది. నేను చేతులు కడుక్కుంటూ విన్నాను.

అప్పటికీ ఇప్పటికీ వార్డు చాలా మారింది. ఇప్పుడు కొత్త పిల్లలకు తలుపుల సంగతి నేను నేర్పుతున్నాను. నాకు గొంతు వచ్చిందని చెప్పను, కానీ దాతలు వచ్చినప్పుడు డాక్టర్ వెళ్ళిపోయాక కుర్చీ లాక్కుని కూర్చుంటాను. నొప్పి ఉంటుంది, తుంట్లు గుంజుతాయి, రాత్రి నిద్ర పట్టకపోవచ్చు, భయపడకండి, వెన్ను ముట్టుకోరు, ఇదిగో ఈ చేతినుంచే అని చేయి పట్టుకుని చూపిస్తాను. నర్సులు చెప్పకూడదన్న మాట ఇప్పటికీ అలాగే ఉంది. నేను రోజూ దాటుతున్నాను. ఒకటి మాత్రం మారలేదు. అన్నకో తమ్ముడికో జబ్బు చేసి అక్కచెల్లెళ్ళది సరిపోయిందనుకోండి, ఆ అమ్మాయి మర్నాడే చేతి గాజులు తీసి కూర్చుంటుంది, ఎవరూ ఆమెను అడగను కూడా అడగరు. జబ్బు ఆడపిల్లకు వచ్చి అన్నదమ్ములది సరిపోతే, ఇంట్లో మాట్లాడుకుని చెప్తాం అంటారు. ఏం మాట్లాడుకుంటారు? ఆ ఇంట్లో మాట్లాడుకునే గదిలోకి నేను ఒక్కసారి వెళ్ళాను. అన్నిసార్లూ వెళ్ళలేను. ఆ వేదిక మీద నవీన్, నాకు భయం వేసింది, నడుం పడిపోయిందనుకుని పారిపోయాను, తర్వాత ఎవరో సరిగా చెబితే లేచి వచ్చాను అని ఉంటే, నేనే ముందు చప్పట్లు కొట్టేదాన్ని. ఆ మాట విన్నవాళ్ళలో ఒక్కడైనా మూడో రోజు పొద్దున పారిపోకుండా ఉండేవాడు. నేను లేచి నిలబడి ఆ సంగతి చెప్పవచ్చు కదా అంటే, మొదటి వరసలో మమత ఉంది.

మమత ఇంటికి వెళ్ళేరోజు వాళ్ళమ్మ అందరికీ స్వీట్లు పంచింది. లాలాపేట గదినుంచి వచ్చాక ఆమె నాతో ఒక్క మాట మాట్లాడలేదు. కుక్కర్ కూడా ఇంకో సిస్టర్ చేతికే ఇచ్చేది. ఆరోజు డాక్టర్ కాళ్ళకు మొక్కింది, విమల సిస్టర్‌ను కావలించుకుంది, ఊడ్చే ఆమెకు కూడా రెండు ఎక్కువ పెట్టింది. చివరికి నా దగ్గరికి వచ్చింది. అద్దం అవతల మమత రుమాలు కట్టుకున్న తలతో చక్రాల కుర్చీలో కూర్చుని మాకు చేయి ఊపుతోంది. నేను క్షమించమని అడుగుతుందేమో అనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెంటికీ సిద్ధంగానే ఉన్నాను. ఆమె నా అరచేతిలో లడ్డూ పెట్టి, వేళ్ళు తనే మడిచి, ఆ చేతిని అలాగే పట్టుకుంది.

"నీకు అన్నదమ్ములున్నరా బిడ్డా?" అంది.

లేరన్నాను.

"అందుకే నీకు గట్ల అనుడు సులువైంది" అంది.